తుది జాబితాలో లేని ముసలమ్మ

వినుకొండలో నరసరావుపేట రోడ్డు పక్కన యలమందయ్య గారి మిరపకాయల యార్డు ఉండేది. అందులో తొడిమలు తుంచే ఆడవాళ్ళందరికీ చేతులు మండేవి, ఒక్క రెబ్కాకు తప్ప. రెబ్కా కూడా కూలీయే. పొద్దున్నే చంకలో పాపతో, చేతిలో క్యారేజీతో వచ్చేది. సాయంత్రం అందరిలాగే కాటా దగ్గర గంప దించేది. మధ్యలో ఒక్క కాయ కూడా ముట్టుకునేది కాదు. ఆవిడ పని కథలు చదవడం.

ఈ ఉద్యోగం ఆవిడకు ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు. ముఠా మేస్త్రి ఆదెమ్మ ఇచ్చింది. రెబ్కా మొదటి కాన్పు తర్వాత పనిలోకి వచ్చిన కొత్తలో ఒకరోజు సబ్బుతో, మజ్జిగతో, కొబ్బరినూనెతో వరసగా చేతులు కడుక్కుని, ఇక పర్వాలేదనుకుని, ఏడుస్తున్న పిల్లవాడి కళ్ళు తుడిచింది. మిరపకాయ అంత తేలిగ్గా వదలదు. వాడు గుక్క పట్టి నీలుక్కుపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు అమ్మ చెయ్యి దగ్గరికొస్తే ముఖం తిప్పేసుకునేవాడు. కన్నబిడ్డ తన చెయ్యి చూసి భయపడటం రెబ్కా మర్చిపోలేకపోయింది. రెండో కాన్పులో ఆడపిల్ల పుట్టింది, సలోమి. ఆ పిల్లకు పాలిచ్చేటప్పుడు రెబ్కా రెండు అరచేతులూ గాల్లోకి లేపి, మోచేతులతో బిడ్డను పట్టుకుని కూర్చునేది. ఆదెమ్మ అది చూసింది. ఆదెమ్మకు జాలి కలిగితే ముందు తిట్టు వస్తుంది.

“ఏందే ఆ అవతారం, పోలీసులు పట్టుకున్నట్టు చేతులెత్తి? నువ్వు మిషన్ స్కూల్లో ఎనిమిది దాకా చదివినదానివేగా? ఆదివారం చర్చిలో గణగణా చదువుతావుగా? ఆ చదివేదేదో ఇక్కడ చదువు. నీ గంప మేం నింపుతాం.”

అలా మొదలైంది. రెబ్కా మధ్యలో కూర్చుని వారపత్రిక చదివేది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తొడిమలు తుంచుతూ, కథ బాగున్నప్పుడల్లా తలా ఒక గుప్పెడు కాయలు ఆవిడ గంపలో పడేసేవాళ్ళు. యలమందయ్య గారు మొదట కళ్ళెర్రజేశారు. కథ నడుస్తున్నంతసేపూ ఎవరూ నీళ్ళకని లేవడం లేదని, ఒకరి కోడలి గురించి ఒకరు మాట్లాడుకోవడం లేదని, పని చకచకా సాగుతోందని గుమస్తా చెప్పాక ఆయన కళ్ళు మామూలయ్యాయి. ఆ రోజు నుంచీ ఆయన సాహిత్యపోషకుడు. పైసా ఖర్చు లేకుండా ఇంతటి పోషణ చేసినవాళ్ళు చరిత్రలో తక్కువ.

పత్రిక మాత్రం ఆయన భార్య రాజ్యం గారిది. యార్డుకి ఆనుకునే వాళ్ళ మేడ. ఆవిడ ‘జలతారు’ వారపత్రికకు చందాదారు. పైన తను చదివేశాక కిందకు పంపేది. ఆవిడ మటుకు దిగి వచ్చేది కాదు. యార్డు గుమ్మంలోకి వస్తే చాలు, తుమ్ములు మొదలవుతాయి.

ఆ ఏడు ‘జలతారు’ సంపాదకుడికి ఒక ఆలోచన వచ్చింది. తెలుగు నవల వంటింట్లోనే కూర్చుండిపోయిందని, దాన్ని రెక్క పట్టుకుని రోదసిలోకి లాగాలని ఆయన బాధపడి, శాస్త్ర కల్పన, అద్భుత నవలలకు ఒక బహుమతి ప్రకటించాడు. వచ్చిన నవలలను ఏడాది పొడుగునా సీరియల్‌గా వేశాడు. న్యాయనిర్ణేతలు ముగ్గురు. ఒకాయన రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్. ఒకాయన విమర్శకుడు, రాసినదాంట్లో కథ కనిపిస్తే ముక్కు చిట్లించే రకం. మూడో ఆయన ఒకసారి విదేశం వెళ్ళొచ్చాడు. మూడో కుర్చీకి ఆ అర్హత చాలని అనుకున్నారు కాబోలు.

ఆ నవలల్లో ఒకటి ‘నీలిధూళి’. రాసినాయన కలంపేరు విశ్వకిరణ్. ఆయన సొంతపేరేమిటో గానీ, ఆ పేరుతో ఆయన ఎవరికీ ఇంత విసుగు పుట్టించి ఉండడు. కెప్టెన్ ప్రచండ్ అనేవాడు రాకెట్టులో కూర్చుంటాడు. రాకెట్టుకు ఎంత ఇంధనం పట్టిందో ఒక వారం, ఎంత వేగంతో పోతే ఎంత మిగులుతుందో ఇంకో వారం. రెబ్కా భక్తిగా ఒక్క అంకె కూడా వదలకుండా చదివింది. పక్కన తొడిమలు తుంచే జాన్‌బీ కూర్చున్నచోటే కునికింది. కొంతమంది మంచినీళ్ళకని వెళ్ళి గంటకి గానీ రాలేదు. సాయంత్రం కాటా దగ్గర రెబ్కా గంప ఖాళీగా తేలిపోయింది.

“ఇట్టా అయితే రేపట్నుంచి నువ్వూ ఒక చేట పట్టుకోవాలమ్మాయ్,” అంది ఆదెమ్మ, అందులో పగేమీ లేకుండా, ఉన్నమాటగా.

మర్నాడు రెబ్కా పత్రిక తెరిచి, ఇంధనం లెక్క మీద ఒకసారి కళ్ళు పరిగెత్తించి, గట్టిగా గొంతు సవరించుకుని రాకెట్టును దించేసింది. విశ్వకిరణ్ గారి లెక్కప్రకారం అది ఇంకా చాలా వారాలు గాల్లో ఉండాలి. రెబ్కాకు అంత ఓపిక లేదు, పక్కన ఉయ్యాల్లో పాప ఉంది. దిగిన చోట ఆడవాళ్ళు వరసగా కూర్చుని నీలంరంగు కాయలకు తొడిమలు తుంచుతున్నారని చెప్పింది. చేతులాగిపోయి అందరూ తలెత్తారు. ఆ లోకంలో రాణిగారి గుమస్తా తూకమేసేటప్పుడు కాటాలో రాళ్ళ పళ్ళెం మీద బొటనవేలు పెడతాడని చెప్పింది. గుప్పిళ్ళు టపటపా పడ్డాయి. అక్కడే స్తంభానికి ఆనుకుని వింటున్న యలమందయ్య గారి గుమస్తా వెళ్ళిపోయాడు. తర్వాత కొన్నాళ్ళు ఆయన కాటాకు బాగా దూరంగా నిలబడి తూకమేశాడు. తెలుగులో శాస్త్ర కల్పన సమాజాన్ని మార్చిందా అని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఇదొక్కటే దాఖలా ఉంది.

ఆ తర్వాత వచ్చింది నీలాంబ. అచ్చులో ఆవిడకు పేరు లేదు. ‘ఒక వృద్ధురాలు’ కెప్టెన్‌కి చెంబుడు నీళ్ళిస్తుంది, అంతే. రెబ్కా ఆ చెంబు పట్టుకుని వదల్లేదు. ముసలమ్మకు పేరు పెట్టింది, నోరు పెట్టింది. ఆ నోటితో నీలాంబ కెప్టెన్ను తిట్టింది, గుమస్తా వేలు పట్టుకుని లాగింది, రాణిగారిని గుమ్మంలో నిలబెట్టి అడగాల్సినవన్నీ అడిగేసింది. ఆ లోకానికంతటికీ మిగిలిన ఒక్క నీళ్ళబావి తాళం ఆవిడ కొంగున ఉండేది. ఆదెమ్మ ఆవిడ మీద ప్రాణం పెట్టుకుంది. “ఎవరో గానీ భలే మాటకారి, అచ్చం మా మేనత్తే,” అనేది. ఆ మాటలు ఎవరి మాటల్లా ఉన్నాయో యార్డులో ఆదెమ్మకు తప్ప అందరికీ తెలుసు.

ఒక వారం సలోమికి జ్వరం వచ్చింది. కంటిమీద కునుకు లేక, కల్పించే ఓపిక లేక, రెబ్కా ఆ రోజు అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివింది. ‘వృద్ధురాలు కన్నుమూసింది. కెప్టెన్ ప్రచండ్ ఒక నిమిషం మౌనం పాటించి రాకెట్టు ఎక్కాడు.’ చదివేశాక గానీ ఏం చదివిందో ఆవిడకు తెలియలేదు. ఆదెమ్మ లేచి వెళ్ళి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. క్యారేజీ విప్పలేదు. ఆ పూట ఎవరి చేతులూ సరిగా ఆడలేదు. నవల కూడా త్వరలోనే అయిపోయింది. యార్డులో మిగతా సీరియళ్ళు నడుస్తూనే ఉన్నాయి గానీ ఆదెమ్మ వాటిని వినీ విననట్టు వినేది.

ఇలా ఉండగా ‘జలతారు’లో తుది జాబితా వచ్చింది.

రెబ్కా పెద్దగా చదివింది. ప్రేమలో పడిన మరమనిషి నవల ఉంది. “ఇనపముక్క రోజూ అట్టా ఏడిస్తే తుప్పు పట్టదూ?” అంది జాన్‌బీ. కాలయంత్రమెక్కి పాతకాలపు రాజు కొలువుకెళ్ళి, అక్కడి పండితులతో వాదించి గెలిచి తిరిగొచ్చిన ప్రొఫెసరు నవల ఉంది. అంత దూరం వెళ్ళినవాడు ఆ రాజుగారింట్లో ఒక్క ముద్ద కూడా తినకుండా వచ్చాడని వాళ్ళకు అప్పట్లోనే కోపం. ఒక మాంత్రికుడి నవల ఉంది, అది చదివిన రెబ్కాకే అర్థం కాలేదు కాబట్టి బహుమతి దానికే వస్తుందని ఆవిడ ముందే అనుకుంది. ఇంకా రెండు ఉన్నాయి. ‘నీలిధూళి’ లేదు.

రెబ్కా మళ్ళీ పైనుంచి చదివింది. కాగితం తిప్పి వెనక చూసింది. వెనక తలనూనె ప్రకటన ఉంది. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. నీలాంబ లేకుండా జాబితా ఏమిటి? బావి తాళం ఘట్టం చదివి కూడా వీళ్ళు దీన్ని పక్కన పెట్టారా? మనుషులేనా వీళ్ళు? కోపంలో ఆవిడ ఒక చిన్న సంగతి మర్చిపోయింది. ఆ ముగ్గురూ చదివింది అచ్చయిన ‘నీలిధూళి’. అందులో నీలాంబా లేదు, తాళమూ లేదు. దాన్ని పక్కన పెట్టడం ఆ ముగ్గురూ ఏడాది మొత్తం మీద చేసిన ఒకే ఒక్క తెలివైన పని.

“లేదా?” అంది ఆదెమ్మ.

“లేదత్తా! దాన్ని తీసేశారు!” అంది రెబ్కా, కళ్ళనీళ్ళతో. లేని పేరు ఉన్నట్టు చదివేసి ఉంటే గొడవే ఉండేది కాదు. నెలల తరబడి ఉన్నదాన్ని లేనట్టు, లేనిదాన్ని ఉన్నట్టు చదివిన మనిషి, సరిగ్గా ఆ రోజే నిజం చెప్పింది.

ఆదెమ్మ చేట కింద పెట్టింది. “ఏరడమంటే ఏందో మనకి చెప్పాలా? పుట్టిన కాడ్నుంచీ చేసేది అదేగా. ఎర్రకాయ ఇటు, తాలుకాయ అటు. ఈళ్ళు తాలు గోతానికెత్తి ఎర్రకాయ రోడ్డున పారబోశారు. యలమందయ్య గారి దగ్గర ఇట్టా ఏరితే మధ్యాన్నానికల్లా ఇంటికి పంపిస్తాడు. ఊరుకోమాకండే. ఉత్తరం రాయాల. జాన్‌బీ, పైకెళ్ళి అమ్మగార్ని పిలువు. ఆవిడ చందాదారు, ఆవిడ రాస్తే చదవక చస్తారా?”

అప్పుడు గుర్తొచ్చింది రెబ్కాకు. రాజ్యం గారు అచ్చులో ఉన్నది చదివిన మనిషి.

“అమ్మగారెందుకత్తా, పాపం తుమ్ములు. నేను రాస్తాలే.”

“నీ పేరెవరికి తెలుసే?”

“అసలు అంత పెద్దోళ్ళకి మనం రాయడమేందత్తా? పోనీలే.”

“ఏడ్చింది నువ్వే, పోనీలే అనేది నువ్వే,” అంది ఆదెమ్మ. జాన్‌బీ అప్పటికే మెట్లెక్కేసింది.

రాజ్యం గారు ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని, కాగితాలూ పెన్నూ పట్టుకుని, ముఖమంతా సంతోషంతో దిగొచ్చారు. ఆ ఇంట్లో ఆవిడతో సాహిత్యం మాట్లాడేవాళ్ళు లేరు. యలమందయ్య గారు పేపర్లో మార్కెట్ ధరలు చూసి మడిచేస్తారు. ఇన్నాళ్ళకు సాహిత్య చర్చకు పిలుపొచ్చింది, అదీ తన సొంత యార్డులోంచి. ఆవిడ కాయలు కుక్కిన టిక్కీ బస్తా ఒకటి చూసుకుని, దాని మీద కూర్చుని, ఒక తుమ్ము తుమ్మి, అడిగారు.

“ఏ నవలే మీరనేది?”

“నీలిధూళి అమ్మగారూ.”

“అదా! దాన్ని తీసేశారని నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నానే. ఏముంది అందులో?”

యార్డు యార్డంతా ఒక్కసారి మాట్లాడింది. నీలాంబ అన్నారు, బావి అన్నారు, గుమస్తా బొటనవేలు అన్నారు, రాణిగారు గుమ్మంలో నిలబడి ఏడవడం అన్నారు. రాజ్యం గారు పెన్ను పైకెత్తి పట్టుకుని అందరి ముఖాల్లోకీ చూశారు.

“నీలాంబ ఎవరు?”

రాజ్యం గారు పెన్ను దించారు.

“కాటా ఎక్కడుందే ఆ నవలలో? దాన్నిండా ఇంధనమేగా!” ఇంకో తుమ్ము. “ఏదీ, ఆ పాత పత్రికలు ఇటివ్వు రెబ్కా.”

రెబ్కా సంచీలోంచి పత్రికల కట్ట తీసి ఇచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది. రాజ్యం గారు ఒకటి తెరిచి చదివారు. కెప్టెన్ ప్రచండ్ మిగిలిన ఇంధనాన్ని వేగంతో భాగించాడు. ఇంకొకటి తెరిచారు. హెచ్చించాడు. జాన్‌బీ ఆవలించింది. తర్వాత ఒకరి తర్వాత ఒకరు రెబ్కా వైపు తిరిగారు. రెబ్కా తల దించుకుని తన చేతులు చూసుకుంటూ కూర్చుంది. శుభ్రంగా ఉన్నాయి. ఆ యార్డులో అలాంటి చేతులు రాజ్యం గారికే ఉంటాయి. రేపట్నుంచి తనకు ఉండవని రెబ్కాకు అర్థమైంది.

ఆదెమ్మ లేచి, ఒక ఖాళీ చేట, నిండా కాయలున్న ఒక గంప తెచ్చి రెబ్కా ముందు పెట్టింది.

“అంటే ఇన్నాళ్ళూ మేం గుప్పిళ్ళేసింది అచ్చులో లేనిదానికా?”

“అచ్చులో ఉన్నది చదివితే నిద్రపోయారత్తా మీరు,” అంది రెబ్కా. “నా గంప తేలిపోయింది. చేట పట్టుకోమన్నావు. ఈ పిల్లదాన్నైనా భయం లేకుండా ఎత్తుకుందామనుకున్నా. అందుకే కల్పించా. దొంగతనమంటే దొంగతనమే.”

“నీలాంబని పుట్టించింది కూడా నువ్వేనా?”

“ఊఁ.”

“ఆ మాటలు?”

“మాటలు నీయే అత్తా. నువ్వు రోజూ మమ్మల్ని తిట్టేవే.”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆదెమ్మ నవ్వలేదు. ఆవిడ ముఖం నల్లబడింది.

“మరి చంపిందెవరు?”

“నేను కాదు! దేవుడి తోడు, అది అచ్చులోనే ఉంది. కావాలంటే అమ్మగార్ని చూడమను.”

రాజ్యం గారు గబగబా పేజీలు తిప్పి, వెతికి పట్టుకుని, వృద్ధురాలు కన్నుమూసిందని, కెప్టెన్ ఒక నిమిషం మౌనం పాటించాడని చదివి, “ఉందే, ఆదెమ్మా. ఇది మాత్రం ఉంది,” అన్నారు.

“ఆ రోజు పాపకి జ్వరమత్తా. కల్పించే ఓపిక లేక ఉన్నదున్నట్టు చదివా. రాకెట్టు దించిన కాడ్నుంచీ నేను ఆయన రాసింది రాసినట్టు చదివింది ఆ ముక్కొక్కటే,” అంది రెబ్కా. నిజాయితీ నిరూపించుకున్నానని ఆవిడ అనుకుంది.

ఆదెమ్మ గొంతు యార్డు దాటి రోడ్డు మీదకు వెళ్ళింది. “అదేనే నేననేది! ఆ మహానుభావుడు రాసిందంతా తీసి అవతల పారేశావుగా! రాకెట్టు దించేశావు, లెక్కలు మింగేశావు, లేని బావి తవ్వావు. ఆ ఒక్క ముక్క పారెయ్యడానికి నీకు చేతులు రాలేదా? చావు దగ్గరికొచ్చేసరికి నీకు అచ్చు మీద గౌరవం పుట్టుకొచ్చిందా? అన్నం మానేశానే నేను ఆ పూట! నా సొంత మేనత్త పోయినప్పుడు కూడా మానలా!” అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకోబోయి, చేతులు గుర్తొచ్చి ఆగిపోయింది. కన్నీళ్ళు అలాగే కారాయి.

అబద్ధం చెప్పినందుకు తిడతారని తయారై కూర్చున్న రెబ్కా, నిజం చదివినందుకు తిట్లు తింటోంది.

“ఉత్తరం రాయనా, వద్దా?” అన్నారు రాజ్యం గారు నెమ్మదిగా.

“ఎందుకమ్మగారూ. వాళ్ళు చదివింది వేరు, మేం విన్నది వేరు. తాలు నుంచి తాలు ఏరుకున్నారు, వాళ్ళ కర్మ,” అంది ఆదెమ్మ. ఆ విధంగా న్యాయనిర్ణేతలు ముగ్గురూ నిర్దోషులుగా విడుదలయ్యారు. చివరికి బహుమతి ఎవరికొచ్చిందో ఆ యార్డులో ఎవరూ అడగలేదు.

ఆదెమ్మ కాయల గంపను కాలితో రెబ్కా వైపు ఇంకాస్త జరిపింది. “ఇప్పుడు ఆవిణ్ణి లేపు. లేదా చెయ్యి పెట్టు ఇందులో.”

“పోయి ఎన్నాళ్ళయిందత్తా! ఇప్పుడెట్టా లేపను?”

“సమాధిలోంచి లేచొచ్చినోళ్ళ సంగతి చర్చిలో చదివేది నువ్వేగా? నన్నడుగుతావేంది?”

రెబ్కా ఒక పత్రిక అందుకుంది. ఏ పేజీ వస్తే ఆ పేజీ తెరిచింది. అక్కడ కెప్టెన్ ప్రచండ్ ఇంకా భాగిస్తూనే ఉన్నాడు. ఆవిడ అలవాటుగా ఆ అంకెల మీద కళ్ళు ఆనించి, గొంతు సవరించుకుంది.

“నీలాంబ చావలేదు. ఆ కెప్టెన్‌కి నాడి చూడ్డం చేతకాదు.”

కాయలున్న గంప ముందు నుంచి పక్కకు జరిగింది, రెబ్కా ఖాళీ గంప ఆ చోటికి వచ్చింది. అందులో ఆదెమ్మ గుప్పెడు పడింది, వెనకే జాన్‌బీది. రాకెట్టు వెళ్ళిపోయిందని చూసుకుని నీలాంబ ఒక కన్ను తెరిచింది, కొంగు తడుముకుంది, తాళం లేదు. “అమ్మో, కెప్టెనే పట్టుకుపోయాడా?” అన్నారు రాజ్యం గారు. ఆవిడ తువ్వాలు ఎప్పుడో జారిపోయింది. ఒకటే తుమ్ములు. అయినా లేవలేదు. అందరూ వేస్తున్నారని కాబోలు, కూర్చున్న టిక్కీలోంచే గుప్పెడు కాయలు తీసి, తొడిమలతో సహా గంపలో వేశారు.

ఆ తుమ్ములకు ఉయ్యాల్లో పాప ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. రెబ్కా కథ ఆపకుండానే లేచి వెళ్ళింది. నీలాంబ చేత కెప్టెన్ను నాలుగు తిట్టిస్తూ పిల్లను ఎత్తుకుని, వేళ్ళతో దాని కళ్ళు తుడిచింది.